రాయి కింద పచ్చి మండ

ఇన్నేళ్ళూ నేను ఒక రాయి మోస్తూ బతికాను. మాట వరసకి అంటున్నది కాదు. ఆ రాయి ఎలా ఉంటుందో ఇప్పటికీ చెప్పగలను. పెద్ద కొబ్బరికాయంత ఉంటుంది. ఒక పక్క నాచు, ఇంకో పక్క తడి ఎర్రమట్టి. దాన్ని రెండు చేతులతో ఎత్తి దారికి ఆ పక్కనుంచి ఈ పక్కకి మార్చి పెట్టాను. ఎంతసేపు పట్టి ఉంటుంది? చెప్పులో ముల్లు తీసుకున్నంతసేపు కూడా పట్టలేదు. ఆ కాస్త పనికి ఒక స్నేహితుడి ప్రాణం పోయింది. ఇంకో స్నేహితుడి బతుకు పాడైంది. నాకు మాత్రం ఏమీ కాలేదు. అదే నన్ను ఒకచోట కుదురుగా కూర్చోనివ్వదు.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. పేరు దాచుకుని తప్పు ఒప్పుకోవడం ఏం ఒప్పుకోవడం అని మీరనుకోవచ్చు. నేనూ అదే అనుకుంటున్నాను. కానీ ఇంతకన్నా ధైర్యం నా దగ్గర లేదు. పొద్దుటినుంచి ఇది రాద్దామని కూర్చుంటున్నాను, లేచిపోతున్నాను. వీధిలోకి వెళ్ళి ఊరికే అటూ ఇటూ తిరిగి వస్తున్నాను. మళ్ళీ లేచేలోగా చెప్పెయ్యాలి.

ఏజెన్సీ కొండల్లో పితూరీ, ఆ తిరుగుబాటు, చల్లారి, పోలీసు పటాలాలు కొండలు దిగిపోయిన మరుసటి శీతాకాలం అది. మాది విజయనగరం. ముగ్గురం స్నేహితులం, ముగ్గురికీ మోటారు సైకిళ్ళు. ఆ రోజుల్లో వీధిలో ఫట్‌ఫటీ పోతుంటే జనం పనులు మానేసి అరుగులెక్కి చూసేవారు. గౌరినాయుడిది పక్కన తొట్టె బిగించిన పెద్ద బండి. వాళ్ళ నాన్నకి గోగునార వ్యాపారం, ఒక్కడే కొడుకు, అడిగిందల్లా కొనిచ్చేవాడు. పైడిరాజుది చిన్న బండి. వాడు తండ్రి కిరాణా కొట్లో కూర్చునేవాడు. నాది ఎవరో దొర సీమకి పోతూ అమ్మేసిన పాత బండి. ఎత్తు వచ్చిందంటే చక్రాన్ని తిప్పే తోలు బెల్టు జారిపోయేది.

గౌరి చెల్లెలు రత్నాన్ని పైడిరాజుకి ఇవ్వాలని పెద్దవాళ్ళు మాట్లాడుకున్నారు. ముహూర్తం పెట్టడమే తరువాయి. పెళ్ళయితే పైడిరాజు కొట్టు వదిలి రాడని, ఆలోగా ముగ్గురం కలిసి ఒక పెద్ద తిరుగుడు తిరగాలని గౌరి పట్టుబట్టాడు. సాలూరు మీదుగా పాచిపెంట దగ్గర కొండలెక్కి, లోపలినుంచే అరకు వెళ్ళి, అనంతగిరి మీదుగా శృంగవరపుకోట దిగి ఇల్లు చేరాలి. పెట్రోలు డబ్బాలు, అటుకులు, దుప్పట్లు, క్వినైను మాత్రలు అన్నీ గౌరి బండి తొట్టెలో వేశాం.

దారి చూపించే పని నేనే నెత్తిన వేసుకున్నాను. ఎవరూ అడగలేదు. తాలూకా కచేరీలో తెలిసినాయన దగ్గర పాత సర్వే మ్యాపు ఒకటి సంపాదించి, దాన్ని మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, కలెక్టరులా ముందు నడిచాను. పాచిపెంట దాటేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత మ్యాపులో ఉన్న దారి నేలమీద లేదు. నేలమీద ఉన్న దారి మ్యాపులో లేదు. కట్టెల మోపుతో ఎదురొచ్చిన ఒకావిడని, ఇది అరకు దారేనా అని అడిగాను. ఔనంది. ఇంకో దారి చూపించి, మరి అది అన్నాను. అదీ ఔనంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. నడిచేవాళ్ళకి ఎటు వెళ్ళినా అరకు వస్తుంది. మూడు బండ్లతో వెళ్ళేవాళ్ళకి రాదు. ఆ సంగతి నాకు తట్టలేదు. చివరికి అందరినీ తీసుకెళ్ళి రాగులు పండే ఒక చోడి చేలో దింపాను. చక్రాలు సగందాకా బురదలో కూరుకుపోయాయి.

గౌరి తొట్టెమీద ఎక్కి కూర్చుని నవ్వాడు.

"ఏటిరా ఇది? నీ మ్యాపు కన్నా మా గేదె నయం. పొద్దోతే అదే దారి సూసుకోని ఇంటికొచ్చేత్తాది."

నేనూ నవ్వాను. అప్పుడు నవ్వే వచ్చింది. కానీ వాడు ఆ మాటని అక్కడ వదల్లేదు. మర్నాడు దారిలో ఒక కొండ సంత తగిలింది. వాడు నా జేబులోంచి మ్యాపు లాక్కుని, ముక్కుకి ఆనించుకుని, చెట్లకి గుద్దుకుంటూ నడిచి చూపించాడు. సంతలో ఆడవాళ్ళు చీరచెంగులు నోటికి అడ్డం పెట్టుకుని పడి పడి నవ్వారు. తర్వాత ఆ మ్యాపులోనే ఉడికించిన చిలగడదుంపలు పొట్లం కట్టించి నా చేతిలో పెట్టాడు. వేడికి సిరా కారి నా వేళ్ళకి అంటింది. తిన్నాక ఆ మ్యాపు వాడే మడిచి జేబులో వేసుకున్నాడు. మళ్ళీ నవ్వాను. ఈసారి ఆ నవ్వు నాది కాదు.

ఇంత చిన్న కారణానికా అని మీరు అడుగుతారు. ఎన్నిసార్లు అడుక్కున్నానో నాకే తెలీదు. ఇంకేదైనా పెద్ద పగ ఉందేమోనని వెతికాను. రత్నం మీద నాకు మనసుందా? లేదు. వాళ్ళ డబ్బు మీద కుళ్ళా? కొంచెం ఉండేదేమో, కానీ అది అందరికీ ఉండేదే. తవ్వి తవ్వి చూసినా ఆ చిలగడదుంపలే కనబడతాయి. పెద్ద కారణం ఉంటే నా మీద నాకు ఇంత రోత ఉండేది కాదనుకుంటాను.

ఆ సంతనుంచి ముందు నడిచే పని గౌరి పైడిరాజుకి అప్పజెప్పాడు. వాడి మేనమామ కొండ సంతల్లో చింతపండు, పిప్పళ్ళు కొనేవాడు. చిన్నప్పుడు వాడు మామ వెంట ఆ దారులన్నీ కాలినడకన తిరిగాడు. మూడు బండ్లూ దగ్గరదగ్గరగా వెళ్ళడానికి లేదు. ముందువాడి దుమ్ము వెనకవాడి కళ్ళలో పడుతుంది. చప్పుడులో కేక వినబడదు. అందుకని కొండవాళ్ళు చేసే పని మనమూ చేద్దామన్నాడు. దారి రెండుగా చీలిన చోట ముందు వెళ్ళేవాడు ఒక పచ్చి మండ, ఆకులతో ఉన్న చిన్న కొమ్మ, విరిచి, వెళ్ళకూడని దారికి అడ్డంగా వేస్తాడు. గాలికి ఎగిరిపోకుండా దానిమీద ఒక రాయి పెడతాడు. వెనక వచ్చేవాళ్ళు మండలేని దారి పట్టుకోవాలి. అంతే. దానికి చదువక్కర్లేదు, మ్యాపు అక్కర్లేదు. ఆ రోజంతా వాడి మండలు చూసుకుంటూ ఒక్కచోట కూడా తప్పకుండా వెళ్ళాం. గౌరి ప్రతి మండ దగ్గరా హారను కొట్టి దణ్ణం పెట్టేవాడు.

మర్నాడు ఉదయం బయల్దేరుతుంటే నా బండి బెల్టు తెగిపోయింది. ఇది మాత్రం మీకు చెప్పి తీరాలి. గౌరి తన నడుముకున్న తోలు బెల్టు విప్పి, కత్తితో కోసి, దబ్బనంతో కుట్టి నా బండికి ఎక్కించాడు. వాడి పంట్లాం జారిపోతుంటే పెట్రోలు డబ్బాలు కట్టిన తాడు తీసి నడుముకి బిగించుకున్నాడు. ఇంటికెళ్ళేదాకా ఇదే నా మొలతాడు అని తనమీద తనే నవ్వుకున్నాడు. వాడి బండి బరువు, మెల్లగా వస్తుంది. అందుకని నన్ను పైడిరాజు వెనక రెండోవాడిగా పొమ్మన్నాడు. నేను కదులుతుంటే వెనకనుంచి అరిచాడు.

"పైడిగాడి మండలు సూసుకోని ఎల్లరోయ్! మ్యాపు నా కాడే ఉంది!"

వాడి తోలు బెల్టు నా బండిని లాగుతోంది. వాడి మాట నా చెవిలో గింగురుమంటోంది. కృతజ్ఞత ఉండాల్సిన చోట ఉక్రోషం ఎలా పుట్టిందో, ఆ మనిషి నేనేనా అని ఇప్పటికీ నాకు అనుమానం. నేనే.

చాలా దూరం వెళ్ళాక దారి చీలింది. పైదారి పసుపు పూల వలిసె చేల పక్కనుంచి కొండ చుట్టూ తిరుగుతుంది. కిందిదారి చెట్లలోకి దిగుతుంది. కిందిదారికి అడ్డంగా నేరేడు మండ, దానిమీద ఆ రాయి. పైడిరాజు బండి చప్పుడు అప్పటికే కొండ మలుపు అవతలికి పోయింది. గౌరి బండి చప్పుడు ఇంకా వినబడటం లేదు. నేను దిగాను.

ఏం అనుకున్నానో ఉన్నదున్నట్టు చెబుతాను. కింద ఏదో ఊరు ఉంటుంది, దారి అక్కడితో ఆగిపోతుంది, గౌరి ఆ బరువు బండిని రొప్పుతూ రోజుతూ వెనక్కి తోసుకొస్తాడు అనుకున్నాను. అప్పుడు నేను ఒక మాట అనాలి. ఆ మాట కూడా తయారుచేసుకున్నాను. "మ్యాపు నీ కాడే ఉంది గదరా, సూసుకోలేదేటి?" ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, మండని పైదారికి అడ్డంగా వేస్తూ పైకే అని చూసుకున్నాను. గాలికి కొట్టుకుపోతే తమాషా చెడిపోతుందని రాయి కూడా తెచ్చి పెట్టాను. నీటుగా పెట్టాను. పైడిరాజు ఎలా పెడతాడో అలాగే.

ఆ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఇదిగో, ఇప్పుడు మీతోనే.

పైడిరాజు కొండ మలుపులో ఒక బండమీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. సన్నటి జల్లు మొదలైంది. గౌరి ఏడిరా అన్నాడు. వస్తాడన్నాను. కాసేపు పోయాక మళ్ళీ అడిగాడు. పెట్రోలు పోసుకుంటున్నాడేమో అన్నాను. నాకు లోపల నవ్వొస్తోంది. జేబులో పోసుకున్న అటుకులు తిన్నాను కూడా. జల్లు ఆగింది. బండి చప్పుడు లేదు. అప్పుడు నవ్వు పోయింది. అప్పుడైనా లేచి చెప్పి ఉంటే? లేచాను. పొద మీద ఆరేసిన తువ్వాలు తిరగేసి మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఇంకాసేపు చూద్దాం అన్నాను.

కొండమనిషి ఒకాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఫట్‌ఫటీ కింద వాగులో, గెడ్డలో పడిపోయింది, మనిషి బండి కింద ఉన్నాడు, ఊరివాళ్ళు తీస్తున్నారు అన్నాడు. ఆయన్ని నా వెనక ఎక్కించుకుని ఇద్దరం వెనక్కి పోయాం. దారి చీలిన చోట పైడిరాజు బండి ఆపేశాడు. మండ పైదారికి అడ్డంగా ఉంది. దాన్ని చూస్తూ నిలబడిపోయాడు.

అక్కడ మేము మాట్లాడుకున్న మాటలు ఒక్కటీ మరిచిపోలేదు.

"మండ ఇటేసినానా నాను?"

నేను వంగి బండికి స్టాండు వేశాను.

"నువ్వు నా యెనకాలే గదరా వొచ్చినావు. సూసినప్పుడు ఏ పక్కనుంది?"

"ఈ పక్కనే ఉంది."

"మరి నువ్విటెలాగొచ్చినావు?"

"మట్టిలో నీ సెక్రం గాడి సూసుకోని వొచ్చినాను. గౌరిగాడూ అలాగే వొత్తాడనుకున్నాను."

వాడు నేలకేసి చూశాడు. జల్లుకి చక్రాల జాడలన్నీ చెరిగిపోయాయి. నా అబద్ధాన్ని పట్టుకోవడానికి నేలమీద ఏమీ మిగల్లేదు. ఎంత బేగి దొరికిందో నాకా అబద్ధం! వెతుక్కోవలసిన అవసరం కూడా లేకపోయింది.

"పసువులేటైనా లాగీసుంటాయా?" అని తనలో తనే అనుకున్నాడు. వాడి చూపు రాయి మీద పడింది. "పసువులు రాయెట్టవు గదా."

వెంట వచ్చిన కొండమనిషి తల అడ్డంగా ఊపాడు. "ఒకలేసిన మండ ఇంకొకలం ముట్టుకోం బాబూ. ముట్టుకుంటే తప్పు. మా పిల్లలు గూడా ముట్టుకోరు."

ఆయన తమ ఊరిమీద నింద రాకుండా చెప్పుకున్నాడు. పైడిరాజుకి ఆ మాటతో మిగిలిన ఒక్క దారీ మూసుకుపోయింది. ఎవరూ ముట్టుకోకపోతే, పశువులు రాయి పెట్టకపోతే, ఇక వాడి చెయ్యే. వాడు తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. కొండల్లో మండని ముట్టుకోకూడదని తెలియనివాడు, తెలిసినా లెక్కచెయ్యనివాడు ఒక్కడే ఉన్నాడు. వాడు పైడిరాజు పక్కనే నిలబడ్డాడు, నేనే.

కిందిదారి ఊరికి పోదు. చెట్లలోంచి ఒక్కసారిగా జారుడుగా గెడ్డలోకి దిగిపోతుంది. నడిచేవాళ్ళు చెట్ల వేళ్ళు పట్టుకుని దిగే దారి అది. తడిలో ఆ బరువు బండికి బ్రేకు ఆగలేదు. మేము వెళ్ళేసరికి గౌరిని రాళ్ళమీదకి తీసి పడుకోబెట్టారు. తుంటి, కాలు నుజ్జయిపోయాయి. దుప్పటితో డోలీ కట్టి ఊరివాళ్ళే మారి మారి మోశారు. మా బండ్లు ఆ ఊళ్ళోనే వదిలేసి, తర్వాత తెప్పించుకున్నాం, అనంతగిరి దాకా మేము డోలీ వెంట నడిచాం. దారిలో వాడికి తెలివొచ్చింది. పైడిరాజు చెయ్యి పట్టుకున్నాడు.

"మండ పైదారికుందిరా. సూసుకునే దిగినాను. దారి తప్పలేదు నాను."

వాడు నింద వెయ్యలేదు. తను తప్పలేదని, అంతే, గర్వంగా చెప్పుకున్నాడు. నన్ను ఏడిపించినందుకు ఎక్కడ నేను ఎగతాళి చేస్తానో అనుకున్నాడో ఏమో. తర్వాత నాకేసి చూశాడు.

"బెల్టు ఆగిందేటిరా?"

ఆగింది అన్నాను.

శృంగవరపుకోటనుంచి ఎడ్లబండిలో విజయనగరం తీసుకొచ్చాం. ఆసుపత్రిలో కాలు కుళ్ళి జ్వరం తగులుకుంది. వారం తిరక్కుండా పోయాడు. వాళ్ళ నాన్న ఏడుస్తూ, మండ అటెందుకేశావురా అని పైడిరాజుని అందరిముందూ అడిగాడు. వాడు తలెత్తలేదు. "నాదే తప్పు. నా సెయ్యి తిరగబడిపోనాది" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నా నోరు తెరుచుకుంది. నిజంగా తెరుచుకుంది. ఎవరో మంచినీళ్ళు కావాలా అని అడిగారు. తాగాను.

పెళ్ళి మాట అక్కడితో ఆగిపోయింది. రత్నాన్ని బొబ్బిలి వైపు ఎవరికో ఇచ్చారు. ఆ పిల్ల అత్తారింటికి పోతూ కొట్టు ముందునుంచే వెళ్ళింది. పైడిరాజు లోపలికి వెళ్ళి బస్తాల వెనక నిలబడ్డాడు. వాడు ఇక పెళ్ళే చేసుకోలేదు, ఎవరూ పిల్లనిస్తామని రాలేదు కూడా. కాబోయే బావమరిదిని గోతిలోకి తోలినవాడు అని ఊళ్ళో అనుకునేవారు. వాడు బండి అమ్మేశాడు. నా బండి చాలా ఏళ్ళు పెరట్లో పడి తుప్పు పట్టింది. చివరికి పాత ఇనుము కొనేవాడు పట్టుకుపోయాడు. బెల్టు విప్పుకుందామనుకున్నాను. అది దాచుకునే హక్కు నాకెక్కడిది? దాంతోనే పోనిచ్చాను.

ఎందుకు చెప్పలేదు? మొదట పోలీసులంటే భయం. తర్వాత గౌరి తండ్రి ముఖం చూడలేనని భయం. ఆయన పోయాడు. మా నాన్న పోయాడు. భయపడాల్సినవాళ్ళు ఒక్కొక్కరే పోయినా భయం పోలేదు. ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని పైడిరాజు అడుగుతాడు. ఆ ప్రశ్నకి జవాబు లేక ఇంకో ఏడు, దానికీ జవాబు లేక మరో ఏడు. ఆలస్యమే కొత్త నేరమై కూర్చుంది.

అన్నిటికన్నా చెప్పడానికి కష్టమైనది ఇంకా ఉంది. నేను వాణ్ణి ఓదార్చాను. ఏళ్ళ తరబడి. కొట్లో వాడి పక్కన కూర్చుని, పొరపాటు ఎవరికైనా జరుగుతుందిరా అన్నాను. ఆ మాట అనగలిగాను. పైడిరాజుని వదలకుండా అంటిపెట్టుకున్న ఒక్క స్నేహితుణ్ణని ఊరు నన్ను మెచ్చుకుంది. వాడు కూడా. ఒకసారి జ్వరంలో నా చెయ్యి పట్టుకుని, నువ్వు లేకపోతే ఏమైపోదునో అన్నాడు. అది విన్నాక కూడా ఇంటికొచ్చి అన్నం తిన్నాను. నిద్రపోయానా అంటే, అదీ పోయాను.

ముగ్గురిలోకీ చెయ్యి కుదురైనవాడు పైడిరాజు. కాటా చూడకుండా చింతపండు చేత్తో తీస్తే సరిగ్గా వీశె తూగేది. ఇప్పుడు ఏది తూచినా మళ్ళీ తూస్తాడు. సాయంత్రం కొట్టు కట్టేసి, తాళం వేసి, నాతో పాటు నాలుగడుగులు వేస్తాడు. ఆగిపోతాడు. వెనక్కి వెళ్ళి తాళం లాగి చూసి వస్తాడు. మళ్ళీ ఆగి నాకేసి తిరుగుతాడు.

"ఒరే, తాళం ఏసినానంటావా?"

"ఏసినావు. నాను సూసినాను గదా."

నేను చెప్పాకే కదులుతాడు. తన కళ్ళమీద వాడికి నమ్మకం లేదు, నా మాటమీద ఉంది. ఏళ్ళుగా రోజూ ఆ సాక్ష్యం చెబుతున్నాను. చెప్పవలసిన సాక్ష్యం మాత్రం మింగేశాను.

వాడికి చెప్పకుండా మీకెందుకు చెబుతున్నానని అడగండి. వాడు తిడతాడని కాదు. పోనీలే అంటాడేమోనని భయం. అనకపోతే? ఆ భయమూ ఉంది. ఏది పెద్దదో ఇంకా తేల్చుకోలేదు. మీరు నన్ను క్షమించక్కర్లేదు, అది మీ చేతిలో ఉన్నది కాదు. వినండి చాలు. మండ జరిపింది నేను. రాయి ఎత్తి పెట్టింది కూడా నేనే. పైడిరాజు చెయ్యి ఆ రోజు తిరగబడలేదు. వాడు సరిగ్గానే వేశాడు.

ఇన్నాళ్ళకి ఈ మాట నా బయట, నా కళ్ళెదుట ఉంది. ఊపిరి కొంచెం కిందికి దిగినట్టుంది. అంతకుమించి ఏమీ లేదు.

వీధి చివర పైడిరాజు కొట్టు తలుపులు దగ్గరికి వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. లేవాలి. నేను వెళ్ళి చెప్పకపోతే వాడు ఇంటికి పోలేడు.